తీర సముద్రంలో శైవలాల విజృంభణ: ఉపగ్రహానికి కనిపించేదెంత, అందనిదెంత

1997 సెప్టెంబరులో కేరళలోని విళింజం ప్రాంతంలో, రాళ్లకు అంటుకుని పెరిగే ఆల్చిప్పలను వండుకుని తిన్నవారిలో ఏడుగురు మరణించారు, ఐదు వందల మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. అంతకు పదహారేళ్ల ముందు, 1981లో, తమిళనాడు తీరంలో ఇదే తరహా ఘటన ముగ్గురిని బలిగొంది. రెండు చోట్లా ప్రాణాలు తీసింది సముద్రపు నీటిలో తేలాడే, కంటికి విడిగా ఆనని సూక్ష్మ శైవలాలు తయారుచేసిన విషం. ఆల్చిప్ప నీటిని వడగట్టి ఆ శైవలాలను తింటుంది. వాటి విషం దాని మాంసంలో పేరుకుంటుంది. ఎంతసేపు ఉడికించినా ఆ విషం పోదు. తిన్నవారికి మొదట పెదవులు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. మోతాదు మించితే ఊపిరి తీయించే కండరాలు చచ్చుబడతాయి.

విళింజం ఘటనకు నెల రోజుల ముందే, అదే ఏడాది ఆగస్టు 1న, సముద్రపు రంగును కొలవడానికే తయారైన సీవిఫ్స్ అనే అమెరికా పరికరం కక్ష్యకు చేరింది. ఆ పని చేసే ఉపగ్రహాలను ఆ తర్వాత ఐరోపా, కొరియా, జపాన్, చైనా, భారత్ కూడా పంపాయి. మబ్బులు అడ్డురాకపోతే భూమ్మీది ఏ తీరమైనా రోజుకోసారైనా వాటిలో ఏదో ఒకదాని కంటపడుతుంది. ఇంత జరిగాక కూడా, విళింజం లాంటి ఘటనను కేవలం ఉపగ్రహ చిత్రం చూసి ముందుగా పసిగట్టగలమని ఈ రంగం తెలిసిన శాస్త్రవేత్తలెవరూ హామీ ఇవ్వరు. పరికరాలు నాసిరకంవి కావడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. ఉపగ్రహం కొలిచేది నీటి రంగును. తీరంలో ఉన్నవారికి కావలసింది విషం గురించిన కబురు. రంగు నుంచి విషం దాకా ఉన్న దూరాన్ని నీటిలోకి దిగి చేసే పనితోనే దాటాలి. ఉపగ్రహ నిఘా ఎక్కడ ఫలించింది, ఎక్కడ ఫలించలేదు అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సూక్ష్మ శైవలాలలో అత్యధిక భాగం సముద్రానికి ప్రాణాధారం. చిన్న రొయ్య పిల్ల నుంచి తిమింగలం దాకా అందరి తిండీ చివరికి వీటి దగ్గరే మొదలవుతుంది. నదులు మోసుకొచ్చే ఎరువుల అవశేషాలో, గాలుల వల్ల అడుగు నుంచి పైకి లేచే పోషక జలాలో అందినప్పుడు, ఎండ తోడైనప్పుడు, ఇవి కొద్ది రోజుల్లోనే లెక్కకు అందనంతగా పెరిగి నీటి రంగునే మార్చేస్తాయి. ఈ విజృంభణ కొన్ని సందర్భాల్లోనే హానికరం. కొన్ని జాతులు విషాన్ని తయారుచేస్తాయి. కొన్నిటికి విషం లేకపోయినా, చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసి చేపలకు ఊపిరాడకుండా చేస్తాయి. మరికొన్ని చేపల మొప్పలను దెబ్బతీస్తాయి, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే ప్లాంట్ల వడపోతలను మూసేస్తాయి. 2004 సెప్టెంబరులో కేరళ దక్షిణ తీరంలో విజృంభణ నుంచి లేచిన దుర్గంధానికి దాదాపు రెండు వందల మంది, అందులోనూ ఎక్కువగా పిల్లలు, వాంతులు, ఛాతీ నొప్పి, ఆయాసంతో బాధపడ్డారు. ఇన్ని రకాల హానికి ఒకే పేరు పెట్టి, అన్నిటినీ ఒకే కొలమానంతో పట్టుకోవాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ఆ కొలమానం క్లోరోఫిల్. శైవలాలలో ఉండే ఈ పత్రహరితం సూర్యకాంతిలోని నీలాన్ని, అందులోనూ 440 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దరిదాపులో ఉన్న భాగాన్ని, బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చను మాత్రం పెద్దగా ముట్టదు. అందువల్ల శైవలాలు తక్కువగా ఉన్న నీరు ముదురు నీలంగానూ, ఎక్కువగా ఉన్న నీరు పచ్చగానూ పైకి కనిపిస్తుంది. నీటి నుంచి తిరిగొచ్చే కాంతిలో నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తిని కొలిస్తే ఘనపు మీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల క్లోరోఫిల్ ఉందో అంచనా వేయవచ్చు. 1978లో నింబస్-7 ఉపగ్రహంతో వెళ్లిన సీజెడ్‌సీఎస్ పరికరం ఇది సాధ్యమేనని మొదటిసారి చూపించింది, 1986 వరకు పనిచేసింది.

చెప్పినంత సులువుగా ఈ కొలత చేతికి రాదు. ఉపగ్రహపు కంటికి చేరే కాంతిలో దాదాపు తొంభై శాతం అసలు నీటిని తాకనే లేదు; గాలిలోని అణువులు, ధూళి, తేమ కణాలు చెదరగొట్టి పైకి పంపిన కాంతి అది. మిగిలిన పది శాతంలోనే సముద్రం చెప్పే కబురంతా ఉంటుంది. వాతావరణపు వాటాను తీసేయడానికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టారు. సమీప పరారుణ కాంతిని నీరు దాదాపు పూర్తిగా మింగేస్తుంది కాబట్టి, ఆ పట్టీలో, అంటే ఆ తరంగదైర్ఘ్యాల పరిధిలో, ఉపగ్రహానికి ఏమైనా కనిపిస్తే అది వాతావరణం నుంచి వచ్చిందేనని లెక్కకట్టి, దాన్ని బట్టి మిగతా రంగుల్లోని వాతావరణపు వాటాను ఊహించి తీసేస్తారు. ఎండ నీటిమీద పడి అద్దంలా మెరిసే చోట్ల ఈ లెక్క కూడా చెడుతుంది. ఆ మెరుపును తప్పించడానికే మన ఓషన్‌శాట్ ఉపగ్రహాలలో సముద్రపు రంగును కొలిచే ఓసీఎం పరికరాన్ని ముందుకో వెనక్కో ఇరవై డిగ్రీలు వంచే ఏర్పాటు చేశారు.

నడిసముద్రంలో ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. తీరానికి దగ్గరగా వచ్చేసరికి కథ మారుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద వచ్చినప్పుడు యానాం, అంతర్వేది ఎదుట సముద్రం ఎంత దూరం ఎర్రమట్టి రంగులో ఉంటుందో ఆ ప్రాంతం వారికి తెలుసు. ఆ మట్టి రేణువులు సమీప పరారుణ కాంతిని కూడా వెనక్కి కొడతాయి. పరారుణంలో నీరు నల్లగా ఉంటుందన్న అంచనా అక్కడే తప్పుతుంది. మట్టి నుంచి వచ్చిన కాంతిని కూడా గాలి ఖాతాలో వేసి లెక్క అవసరానికి మించి కోత పెడుతుంది. ఆ కోత నీలం పట్టీలో ఒక్కోసారి ఎంత లోతుగా పడుతుందంటే నీటి కాంతి విలువ సున్నాకంటే కిందికి పోతుంది. దానికి తోడు, అడవుల నుంచీ పొలాల నుంచీ కొట్టుకొచ్చిన కుళ్లిన ఆకుల కషాయం నీటిలో కరిగి ఉంటుంది. అది కూడా క్లోరోఫిల్ లాగే నీలాన్ని పీల్చుకుంటుంది. ఫలితంగా, శైవలాలు పెద్దగా లేని బురదనీటిని కూడా పటం మీద భారీ విజృంభణగా ఎర్రరంగులో చూపించే ప్రమాదం ఉంది. విజృంభణల వల్ల మనుషులకు నష్టం కలిగేది తీరానికి దగ్గరలోనే, ఉపగ్రహపు కొలత ఎక్కువగా తప్పేదీ అక్కడే. పత్రికల్లో వచ్చే రంగురంగుల పటాలను చూసేటప్పుడు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి.

బురదనీటిలో నీలాన్ని వదిలేసి ఎరుపు వైపు చూడటం దీనికి ఒక మార్గం. ఎండలో ఉన్న క్లోరోఫిల్ తాను పీల్చిన శక్తిలో కొంత భాగాన్ని 683 నానోమీటర్ల దగ్గర మందమైన ఎర్రటి వెలుగుగా బయటికి పంపుతుంది. మట్టికీ, ఆకుల కషాయానికీ ఆ చోట అంత సన్నని వెలుగు పట్టీ ఉండదు. శైవలాలు మరీ దట్టంగా పైకి తేలినప్పుడు 709 నానోమీటర్ల దగ్గర మరో శిఖరం లేస్తుంది. ఐరోపా వారి మెరిస్ పరికరం 2002 నుంచి 2012 దాకా ఈ రెండు చోట్లనూ కొలిచింది. 2016లో, 2018లో వెళ్లిన సెంటినెల్-3 ఉపగ్రహాలు 21 పట్టీలలో, 300 మీటర్ల వివరంతో ఆ పనిని కొనసాగిస్తున్నాయి. 1999 మే 26న వెళ్లిన మన తొలి ఓషన్‌శాట్‌లోని ఓసీఎం ఎనిమిది పట్టీలలోనే చూసేది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-3లో పట్టీలు పదమూడయ్యాయి, ఎరుపు అంచున ఉన్న ఈ కీలకమైన చోట్లు కూడా వాటిలో చేరాయి. గోదావరి, కృష్ణ, మహానది ముఖద్వారాలున్న దేశానికి ఇది చిన్న మెరుగుదల కాదు.

రంగు నుంచి విషం వైపు అడుగులు వేయడంలో అందరికంటే ఎక్కువ దూరం వెళ్లింది అమెరికాలోని ఫ్లోరిడా. ఆ రాష్ట్రపు పడమటి తీరంలో కరేనియా బ్రెవిస్ అనే శైవలం తరచూ విజృంభిస్తుంది. అలల తాకిడికి దాని కణాలు పగిలి, లోపలి విషం నీటి తుంపరలతో పాటు గాలిలో కలుస్తుంది. ఒడ్డున నడిచేవారికి కళ్లు మండి, దగ్గు ఆగదు, ఉబ్బసం ఉన్నవారి పరిస్థితి మరీ కష్టం. 2017 అక్టోబరులో మొదలైన విజృంభణ 2019 మొదటి నెలల దాకా సాగింది. చేపలు, తాబేళ్లు, మనాటీలనే నీటి జంతువులు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2018 ఆగస్టులో అక్కడి గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

అక్కడి విధానంలో ఉపగ్రహానికి ఇచ్చిన పాత్రను కొంచెం దగ్గరగా చూడాలి. ఒక రోజు చిత్రంలో క్లోరోఫిల్ ఎంత ఉందన్నదానితో వారు ఆగరు. ఆ చోట గడిచిన రెండు నెలల సగటును పక్కన పెట్టుకుని, ఇవాళ్టి విలువ దానికంటే ఎంత పెరిగిందో చూస్తారు. ఎప్పుడూ బురదగా ఉండే చోటు ఎప్పుడూ ఎక్కువ విలువే చూపిస్తుంది కాబట్టి, సగటును తీసేస్తే ఆ దోషం చాలావరకు తొలగిపోతుంది. కొత్తగా పెరిగింది మాత్రమే మిగులుతుంది. కరేనియా బ్రెవిస్‌కు మరో లక్షణం కూడా ఉంది. అంతే క్లోరోఫిల్ ఉన్న ఇతర శైవలాలతో పోలిస్తే అది కాంతిని తక్కువగా వెనక్కి చెదరగొడుతుంది, అంటే నీరు పచ్చగా కాక నల్లబారినట్టు కనిపిస్తుంది. ఈ రెండూ కలిసిన చోట అనుమానపు గీత గీస్తారు. ఆ గీత ఉన్న చోటికి పడవ వెళ్లి నీళ్లు పట్టుకొస్తుంది. సూక్ష్మదర్శిని కింద కణాలు లెక్కపెట్టాకే అది ఫలానా శైవలమని ప్రకటిస్తారు.

ఇంత పకడ్బందీగా చేసినా ఒక ఖాళీ మిగిలిపోతుంది. లీటరు నీటిలో కరేనియా కణాలు 5,000 దాటితే అక్కడి ఆల్చిప్పల సేకరణను ఆపేస్తారు. ఉపగ్రహానికి ఆ శైవలం నమ్మకంగా కనిపించాలంటే లీటరుకు దాదాపు లక్ష కణాలు ఉండాలి. ఆల్చిప్పలు తినడానికి పనికిరాకుండా పోయిన నాటికీ, ఆకాశం నుంచి ఏదో జరుగుతోందని తెలిసే నాటికీ మధ్య ఇరవై రెట్ల తేడా ఉందన్నమాట. ఆ తేడాను ఫ్లోరిడా తన ఉద్యోగులతో, స్వచ్ఛంద సేవకులతో పూడ్చుకుంటోంది. మొబైల్ ఫోన్‌కు చిన్న సూక్ష్మదర్శినిని తగిలించి, నీటి బొట్టులో కదిలే కణాలను వీడియో తీసి పంపితే, కరేనియా ఈదే తీరును బట్టి కంప్యూటరు దాన్ని గుర్తుపట్టి లెక్కపెడుతుంది. దానికి గాలి దిశను జోడించి, ఏ బీచ్‌లో ఏ పూట దగ్గు రావచ్చో ముందుగా చెబుతున్నారు. ఉపగ్రహం లేకపోతే ఎక్కడ నీళ్లు పట్టాలో తెలియదు. నీళ్లు పట్టేవారు లేకపోతే ఉపగ్రహ చిత్రానికి అర్థం చెప్పేవారుండరు.

కాలిఫోర్నియా అనుభవం మరో రకం. 2015లో అమెరికా పడమటి తీరమంతటా సూడో-నిట్షియా అనే డయాటమ్ (సిలికా పెంకు ఉండే ఒక రకం సూక్ష్మ శైవలం) విజృంభించి, డొమోయిక్ ఆమ్లమనే విషంతో పీతలను కలుషితం చేసింది. ఆ ఏడాది నవంబరులో మొదలు కావలసిన డంజెనెస్ పీతల వేట కాలిఫోర్నియాలో మరుసటి ఏడాది మార్చి దాకా ఆగిపోయింది. ఈ డయాటమ్ అన్ని వేళలా విషం తయారుచేయదు. సిలికేట్ వంటి పోషకాలు తగ్గినప్పుడో, నీటిలో ఇతర మార్పులు వచ్చినప్పుడో చేస్తుంది. అదే జాతి, అదే రంగు, అదే దట్టం ఉన్నా ఒకసారి విషం ఉంటుంది, ఒకసారి ఉండదు. అందుకే అక్కడ ఉపగ్రహపు రంగు కొలతలను, సముద్ర ప్రవాహాల నమూనాలను కలిపి విషం ఉండే అవకాశం ఎంతో శాతాల్లో చెబుతారు. ఉందనో లేదనో తేల్చిచెప్పరు. అవకాశాన్ని అవకాశంగానే చెప్పే ఈ పద్ధతి మన దేశంలోనూ అలవాటు కావాలి.

మన సముద్రాల దగ్గరికి వస్తే, ఉపగ్రహాలకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించే విజృంభణ ఈశాన్య అరేబియా సముద్రంలోది. గుజరాత్ తీరానికి ఎదురుగా, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాక్టిలూకా సింటిలాన్స్ అనే జీవి వేల చదరపు కిలోమీటర్ల మేర నీటిని చిక్కటి ఆకుపచ్చగా మార్చేస్తుంది. దీని కణం ఒక్కొక్కటి ఇసుక రేణువంత ఉంటుంది, గ్లాసు నీళ్లలో విడిగా కనిపిస్తుంది. లోపల మరో చిన్న శైవలాన్ని పెంచుకుని దాని ద్వారా ఆహారం సంపాదిస్తుంది, పైగా చుట్టూ ఉన్న డయాటమ్‌లను కూడా పట్టి తింటుంది. చేపలకు మంచి తిండి అయిన డయాటమ్‌లు తగ్గి, జెల్లీ చేపలు, వాటిలాగే జిగురుగా ఉండే సాల్పులనే జీవులు మాత్రమే ఇష్టంగా తినే నాక్టిలూకా పెరగడం వల్ల ఆ సముద్రపు ఆహార గొలుసే మారుతోందన్న ఆందోళన ఉంది. ఈ సముద్రంలో వేటాడే పడవల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి వెరావల్‌కు వలస వెళ్లిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు కాబట్టి, ఈ మార్పు మన తీరపు కుటుంబాలను కూడా నేరుగా తాకుతుంది.

ఈ విజృంభణకు కారణమేమిటన్న చర్చ ఉపగ్రహాల హద్దును బాగా చూపిస్తుంది. అరేబియా సముద్రంలో ఆక్సిజన్ తగ్గిన జలాలు పైకి రావడమే నాక్టిలూకాకు కలిసొచ్చిందని 2014లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో హెల్గా గోమ్స్, జోక్విమ్ గోయెస్ తదితరులు ప్రతిపాదించారు. నడిసముద్రంలోని ఈ విజృంభణలకు ఆక్సిజన్ లేమితో సంబంధం కనిపించలేదని, హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) శాస్త్రవేత్తలు పాల్గొన్న 2018 నాటి అధ్యయనం చెప్పింది. రెండు పక్షాల వద్దా ఉపగ్రహ చిత్రాలున్నాయి. ఆకుపచ్చ మచ్చ ఎప్పుడు పుట్టిందో, ఎంత పెరిగిందో, ఎటు కదిలిందో వాటిలో ఉంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు మాత్రం రంగు లేదు. ఓడ వెళ్లి లోతు లోతున నీళ్లు తోడితే తప్ప ఈ వాదం ఒక కొలిక్కి రాదు.

నాక్టిలూకా మన తూర్పు తీరంలోనూ కనిపిస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లలో రాత్రి పూట అలలు నీలంగా మెరిసినప్పుడు జనం విరగబడి చూశారు. సెప్టెంబరులో ఇదే జీవి మన్నార్ సింధుశాఖలో విజృంభించినప్పుడు ఆక్సిజన్ అందక చేపలు చచ్చి తేలాయి, పగడాలు దెబ్బతిన్నాయి. దీనిలో విషం లేదు కాబట్టి తినే మనిషికి ప్రమాదం లేదు. చేపకూ పగడానికీ ఉంది. హానికరమన్న మాటను ఎవరికి, ఎలా అని విడదీసి చెప్పకపోతే హెచ్చరిక అందుకున్నవారు ఏం చేయాలో తేల్చుకోలేరు.

భారత జలాలకు ఈ నిఘా బాధ్యత హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్‌ది. శైవల విజృంభణల సమాచార సేవ పేరుతో ఈ సంస్థ ఉత్తర హిందూ మహాసముద్రమంతటికీ రోజువారీ పటాలను విడుదల చేస్తోంది. క్లోరోఫిల్ ఎంత ఉంది, మామూలు కంటే ఎంత పెరిగింది, నీటి ఉష్ణోగ్రత ఎంత మారింది, ఏ తరగతి శైవలాలు కావచ్చు అన్నవి అందులో ఉంటాయి. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం అనే నాలుగు చోట్లను విజృంభణలు ఎక్కువగా వచ్చే ప్రాంతాలుగా గుర్తించింది. గోపాల్‌పూర్ అంటే ఇచ్ఛాపురానికి కూతవేటు దూరం.

ఇదే ఇన్‌కాయిస్ చాలా ఏళ్లుగా మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని కూడా ఇస్తోంది. నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ ఒక్కసారిగా మారే అంచుల దగ్గర చేపలు గుమిగూడతాయన్న సూత్రం మీద అది నడుస్తుంది. ఫిషింగ్ హార్బర్లలోని ఎలక్ట్రానిక్ బోర్డుల మీద, ఫోన్లలో తెలుగులో కూడా ఈ సమాచారం అందుతుంది. డీజిల్ ఖర్చు తగ్గుతుందని దాన్ని నమ్ముకుని వేటకు వెళ్లేవారున్నారు. ఒకే క్లోరోఫిల్ కొలత ఒక సేవలో రమ్మనీ, మరో సేవలో జాగ్రత్త అనీ చెబుతోంది. దీనిలో వైరుధ్యం లేదు, పచ్చదనం సముద్రంలో తిండికీ ఆపదకూ గుర్తే. కానీ హార్బరులో బోర్డు చదివే మత్స్యకారుడికి రెండు సేవలూ ఒకే మాటగా అందాలి. చేపలున్నాయని చెప్పిన చోటే ఆ వారం నాక్టిలూకా ఉందా లేదా అన్నది కూడా అదే బోర్డు మీద ఉంటే, వల వేయాలా వద్దా అన్నది అతను తన అనుభవంతో తేల్చుకుంటాడు.

మన తీరానికి ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, కేరళ తీరంలో అడుగు నీరు పైకి లేచి శైవలాలు బాగా పెరుగుతాయి. ఉపగ్రహాలకు మబ్బు అడ్డుపడేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. రంగును కొలిచే ఏ పరికరమూ మబ్బుల గుండా చూడలేదు. వారం రోజుల చిత్రాలను కలిపి అందులో మబ్బు లేని ముక్కలను ఒకచోట అతికితే పటం నిండుతుంది కానీ, వారంలో విజృంభణ పుట్టి, పెరిగి, ఒడ్డుకు చేరి కుళ్లడం కూడా అయిపోవచ్చు. కొరియా దీనికి వేరే దారి పట్టింది. 1995లో కోక్లోడీనియం అనే శైవలం అక్కడి చేపల పంజరాల సాగుకు 7,640 కోట్ల వాన్‌ల నష్టం తెచ్చిన తర్వాత, విజృంభణ కనిపించిన చోట పసుపు మట్టిని చల్లి శైవలాలను అడుగుకు దించే పద్ధతిని ఆ దేశం చేపట్టింది. మట్టి ఎక్కడ చల్లాలో తెలియాలంటే మచ్చ గంట గంటకూ ఎటు కదులుతోందో తెలియాలి. 2010లో పంపిన గోసీ అనే పరికరం భూస్థిర కక్ష్యలో, అంటే భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటికి పైన నిలిచి ఉండి, రోజుకు ఎనిమిది సార్లు కొరియా చుట్టుపక్కల సముద్రాన్ని చూసింది. 2020లో వెళ్లిన దాని వారసుడు పది సార్లు చూస్తోంది. పగలంతా చూస్తూ ఉంటే మబ్బుల సందుల్లో ఎప్పుడో ఒకప్పుడు నీరు కనిపించే అవకాశం పెరుగుతుంది. వానాకాలపు మబ్బుల కింద ఉండే మన తీరానికి అలాంటి కన్ను కొరియాకంటే ఎక్కువ అవసరం.

ఇదే కోక్లోడీనియం 2008, 2009లలో ఒమన్ నుంచి పర్షియన్ గల్ఫ్ దాకా నెలల తరబడి విస్తరించి చేపలను చంపింది, పగడాలను దెబ్బతీసింది, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉప్పునీటిని శుద్ధిచేసే ప్లాంట్లను మూయించింది. అక్కడ పనిచేసే లక్షలాది తెలుగువారు తాగేది ఆ ప్లాంట్ల నీరే. ఇలాంటి చోట విషం ఉందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. నీటిని లాగే గొట్టం దగ్గరికి దట్టమైన మచ్చ వస్తోందా లేదా అన్నదే ముఖ్యం. ఆ ప్రశ్నకు ఉపగ్రహం బాగానే జవాబు చెప్పగలదు. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే ఆల్చిప్పల విషం విషయంలోనే అది చేతులెత్తేస్తుంది. అలెగ్జాండ్రియం, డైనోఫైసిస్ జాతుల శైవలాలు లీటరుకు కొన్ని వందల కణాలున్నా ఆల్చిప్పలను విషమయం చేయగలవు. అంత పల్చగా ఉన్నప్పుడు నీటి రంగు మారదు, అంటే ఉపగ్రహానికి కనిపించడానికి అక్కడ ఏమీ లేదు. అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ సింధుశాఖలో శాస్త్రవేత్తలు అందుకే ఆకాశం వైపు కాకుండా సముద్రపు అడుగు వైపు చూస్తారు. అలెగ్జాండ్రియం విత్తనాల్లాంటి నిద్రావస్థ కణాలను అడుగు మట్టిలో వదులుతుంది. శరదృతువులో ఆ మట్టిని తవ్వి తెచ్చి, కణాలు ఎన్నున్నాయో లెక్కించి, మరుసటి వసంతంలో విజృంభణ ఏ స్థాయిలో ఉండవచ్చో అంచనా వేస్తారు.

మరి ఆల్చిప్పలు తినేవారికి రక్షణ ఏమిటంటే, మాంసాన్ని పరీక్షించడమే. కిలో మాంసంలో ఈ పక్షవాతపు విషం 0.8 మిల్లీగ్రాములు మించకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. విళింజం రాళ్ల దగ్గరా, కాకినాడ అఖాతంలో గుల్లలు తీసే చోటా, ఇంకా అలాంటి కొన్ని చోట్లా వారానికోసారి నీళ్లూ మాంసమూ పరీక్షించి ఫలితాన్ని అదే రోజు ఊరికి చెప్పే ఏర్పాటు, ఇంకో ఉపగ్రహం కంటే ఎక్కువ ప్రాణాలను కాపాడుతుంది. ఉపగ్రహం చేయగలిగింది ఆ పరీక్షల తేదీలను ముందుకు జరపడం: క్లోరోఫిల్ పెరుగుదల కనిపించిన వారంలో వారానికి ఒకటికి బదులు మూడు సార్లు నమూనాలు తీయమని చెప్పడం. కొచ్చి, విశాఖపట్నం ఎదుట ఇన్‌కాయిస్ నీటి నాణ్యతను కొలిచే బోయాలను, అంటే నీటిమీద తేలే పరికరాలను, నిలిపింది. మబ్బుల కాలంలో కూడా ఇవి తమ చుట్టూ ఉన్న నీటిని కొలుస్తూనే ఉంటాయి కాబట్టి, నిఘాకు ఉన్న పెద్ద ఖాళీని కొంతవరకు ఇవే పూరిస్తాయి. మన తీరం పొడవు చూస్తే రెండు చోట్లు ఏమాత్రమూ చాలవు.

2024 ఫిబ్రవరి 8న అమెరికా పంపిన పేస్ ఉపగ్రహం ఈ రంగంలో కొత్త ఆశ కలిగిస్తోంది. పాత పరికరాలు ఇంద్రధనుస్సులోని పది ఇరవై చోట్ల మాత్రమే కొలిస్తే, ఇది అతినీలలోహితం నుంచి సమీప పరారుణం దాకా సన్నని పట్టీలుగా ఎడతెగకుండా కొలుస్తుంది. డయాటమ్‌కూ, నాక్టిలూకాకూ, నత్రజనిని పట్టి ఉంచే ట్రైకోడెస్మియంకూ ఉన్న వర్ణద్రవ్యాల తేడాలు ఆ సన్నని పట్టీలలో బయటపడతాయి. దీని సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కాకపోతే ఫలానా ఆకారపు రంగు గీత (ఏ రంగు కాంతి ఎంత వచ్చిందో చూపే రేఖ) ఫలానా జాతిదని చెప్పాలంటే, ఆ జాతి మన నీటిలో, మన మట్టితో, మన నదుల కషాయంతో కలిసి ఉన్నప్పుడు ఎలాంటి రంగు గీత ఇస్తుందో ముందే కొలిచిపెట్టుకుని ఉండాలి. ఆ కొలతలను హవాయి దగ్గరో, మధ్యధరాలోనో తీసినవాటి నుంచి అరువు తెచ్చుకుంటే గోదావరి ముఖద్వారం దగ్గర సరిపడవు. ఉపగ్రహం మీది నుంచి వెళ్లే మధ్యాహ్నం వేళకే పడవ కూడా అదే చోట ఉండి, నీటి నుంచి వచ్చే కాంతిని కొలిచి, సీసాలో నీళ్లు పట్టుకుని, ఆ సాయంత్రమే సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కించాలి. తీరంలోని మత్స్య కళాశాలలకూ, విశ్వవిద్యాలయాల సముద్ర విభాగాలకూ అందుబాటులో ఉన్న పనే ఇది. ఏడాదంతా, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్ విజృంభణల కాలంలోనూ, వరదలు వచ్చే ఆగస్టులోనూ, తప్పకుండా చేయవలసిన పని.